మొద్దుబారిన కాలికి వేడినీరు మందు కాదు

కిషన్‌బాగ్, బహదూర్‌పురా వంటి హైదరాబాదు పాతబస్తీ ప్రాంతాల నుంచి భద్రాచల యాత్రకు బయలుదేరే కుటుంబాలలో రాములవారి దర్శనంతోపాటు దగ్గరి గుండాల గ్రామంలో వేడినీటి స్నానాన్ని కూడా పెట్టుకునేవారు ఉంటారు. గోదావరి ఒడ్డున ఇసుకలో గుంట తవ్వితే ఊరే ఆ నీటిలో పాదాలు ముంచి కూర్చుంటే షుగరు వల్ల వచ్చిన తిమ్మిర్లు పోతాయనీ, కుష్ఠు వంటి చర్మవ్యాధులు కుదురుతాయనీ, జపాను దేశస్థులు వేడి ఊటల పక్కన సత్రాలు కట్టుకుని రోగాలు పోగొట్టుకుంటున్నది ఇలాగేననీ చెప్పుకునే మాట వారితోపాటే ప్రయాణం చేస్తుంది. యాత్రకు వెళ్ళలేనివారు ఇంట్లోనే బకెట్టులో మరిగిన నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి అదే వైద్యం సాగిస్తారు. ఈ మాటలోని మూడు భాగాలూ తప్పే. మొదటిది కాళ్ళు పోవడానికి కారణమవుతున్నది.

మధుమేహం ఏళ్ళ తరబడి అదుపు తప్పి ఉన్నప్పుడు పాదాలలోని నరాలు దెబ్బతింటాయి. న్యూరోపతి అని వైద్యులు పిలిచే ఈ స్థితిలో మొదట తిమ్మిర్లు, మంటలు, చీమలు పాకుతున్నట్టు ఉండటం కనిపించి, ఆ తరువాత స్పర్శ, నొప్పి, వేడి చల్లదనాల తేడా ఒక్కొక్కటిగా తెలియకుండా పోతాయి. తిమ్మిరి అంటే రక్తం పారకపోవడమేననీ, వేడి తగిలితే మళ్ళీ పారుతుందనీ జనం భావిస్తారు గానీ, చెడింది నరం. దానిని వేడినీరు బాగుచేయలేదు. 60 డిగ్రీల సెల్సియస్ నీరు చర్మాన్ని కొద్ది సెకన్లలోనే లోతుగా కాల్చగలదు, 50 డిగ్రీల నీటికి కొన్ని నిమిషాలు చాలు. నరాలు బాగున్న మనిషి అటువంటి నీటిలో కాలు పెట్టిన మరుక్షణమే వెనక్కు లాక్కుంటాడు. నరం చచ్చిన పాదం కదలదు, పైగా నీళ్ళు చల్లగా ఉన్నాయని మరో రెండు మగ్గులు వేడివి పోయించుకోవడం కూడా జరుగుతుంది. బొబ్బ తరువాత ఎప్పుడో కంటబడుతుంది, నొప్పి లేదు కనుక ఇంటిల్లిపాదీ దానిని తేలికగా తీసుకుంటారు, అరికాలి పుండు లోలోపల ఎముక దాకా దిగుతుంది, రక్తప్రసరణ కూడా మందగించిన కాలైతే అది మానక మొదట వేలు, తరువాత పాదం, ఆపైన మోకాలి కింది భాగం తీసివేయవలసిన స్థితి వస్తుంది. ఇంత నష్టానికి మూలం ఒక బకెట్టు నీళ్ళు అంటే నమ్మబుద్ధి కాదు గానీ, మధుమేహ పాదాల చికిత్స చేసే ఏ వైద్యుడికీ ఇది కొత్త సంగతి కాదు.

గుండాల వద్ద ప్రమాదం మరికొంత ఎక్కువ. ఇంట్లో నీటికి చన్నీళ్ళు కలుపుకోవచ్చు. ఇసుక గుంటలో ఊరే నీటి వేడి ఒక చోట ఉన్నట్టు మరొక చోట ఉండదు, పైపొర గోరువెచ్చగా తగిలినా అడుగున పాదం ఆనే చోట ఇసుక వేడెక్కి ఉండవచ్చు. ఒకరి తరువాత ఒకరు కాళ్ళు ముంచిన నిలువ నీరు పగుళ్ళున్న పాదానికి క్రిములను అంటించే వీలు కూడా ఉంది.

కుష్ఠు విషయంలో అపాయం ఇదే మార్గంలో వస్తుంది, ఎందుకంటే ఆ వ్యాధి కూడా నరాలనే దెబ్బతీస్తుంది. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ దాని తొలి గుర్తు. ఆ దశలో ఊటలనూ గుండాలనూ వెతుక్కుంటూ గడిపే నెలలలోనే వేళ్ళు వంకరపోయేంతగా నరాలు చెడిపోతాయి. ఈ మోసానికి పెద్ద సాక్ష్యం జపానులోనే ఉంది. అక్కడి కుసత్సు ఊట నీటి ఆమ్లత్వం ఎంత తీవ్రమంటే దాని పీహెచ్ విలువ దాదాపు 2. ఆ ఘాటైన నీరు కుష్ఠును కడిగివేస్తుందన్న నమ్మకంతో దేశం నలుమూలల నుంచి రోగులు చేరగా అక్కడ వారి కోసం ప్రత్యేకంగా ఒక పేటే ఏర్పడింది. నీరు వారిని నయం చేయలేదు. 1932లో ప్రభుత్వం అక్కడే కుష్ఠురోగుల శరణాలయాన్ని నెలకొల్పింది, రోగులను వేరుచేసి ఉంచే చట్టం 1996 దాకా రద్దు కాలేదు. వ్యాధికి ముగింపు పలికింది మందులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స, అంటే రెండు మూడు మందులను కలిపి ఇచ్చే పద్ధతి, వ్యాధి రకాన్ని బట్టి 6 నెలలలోనో 12 నెలలలోనో దానిని నయం చేస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా లభిస్తుంది. రాణీ కుముదినీదేవి 1958లో కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించింది కూకట్‌పల్లిలోనే. ఇటువంటి చరిత్ర ఉన్న నగరంలో ఈ జబ్బుకు ఇంకా ఇసుక గుంటలను సూచించడం క్షమించరానిది.

జపానును సాక్ష్యంగా చూపేవారు ఆ దేశపు పద్ధతిని సగమే చూస్తున్నారు. ర్యోకాన్ అని పిలిచే అక్కడి సత్రాలలో అతిథి ముందుగా ఒళ్ళంతా సబ్బుతో కడుక్కుని ఆ తరువాతనే తొట్టిలోకి దిగుతాడు, తొట్టి నీరు సాధారణంగా 40 నుంచి 42 డిగ్రీల దగ్గర ఉంటుంది. 1948 నాటి వేడి ఊటల చట్టం ప్రకారం నీటి స్వభావంతోపాటు ఏయే రోగాలున్నవారు దిగరాదో తెలిపే ప్రకటనను స్నానశాలలో అందరికీ కనబడేలా పెట్టాలి. తీవ్రమైన గుండెజబ్బు, జ్వరంతో కూడిన వ్యాధులు, ముదిరిన మూత్రపిండాల వ్యాధి ఆ పట్టికలో ఉంటాయి. కుసత్సులో స్త్రీలు పాడుతూ పొడవాటి చెక్కలతో తొట్టి నీటిని తిరగవేసే యుమోమి ఇప్పుడు యాత్రికులు చూసే ప్రదర్శనగా మారింది గానీ, నీటిని పలచబరచకుండా వేడి తగ్గించడమే దాని అసలు ప్రయోజనం. ఆ సత్రాల ఆకర్షణలో పెద్ద భాగం స్నానానికి వెలుపలిది: కినొసాకి అనే ఊరిలో అతిథులు నూలు అంగీలు వేసుకుని కాలువ వెంట ఏడు ఊరుమ్మడి స్నానశాలలకు నడిచి వెళ్ళడం, ఆలయాలు, అంగళ్ళు చూడటం, ఆ ఊరి వంట తినడం.

వేడినీరు ఒంటినొప్పులు తగ్గిస్తుందన్న మరో నమ్మకంలో మాత్రం కొంత సత్యం ఉందని ఒప్పుకోక తప్పదు. స్పర్శ సవ్యంగా ఉన్న మనిషికి గోరువెచ్చని స్నానం కండరాల బిగువును సడలిస్తుంది, మోకాళ్ళ నొప్పులను కొన్ని గంటలపాటు తగ్గిస్తుంది, ప్రయాణపు అలసట తీరుస్తుంది. ఆ సుఖం ఊట నీటిలోనూ కుళాయి నీటిలోనూ కలుగుతుంది, కీళ్ళ అరుగుదలను మాత్రం ఏదీ వెనక్కు తిప్పదు.

గుండాల గురించీ ఈ యాత్ర గురించీ వినిపించే మిగిలిన అపోహలకు ఎక్కువ చోటు అక్కరలేదు. గుండాల కింద అగ్నిపర్వతం లేదు. గోదావరి లోయలోని రాతి పగుళ్ళ వెంట లోతుకు దిగిన వాననీరు భూగర్భపు వేడికి కాగి తిరిగి పైకి వస్తున్నది, అదే లోయలో మణుగూరు దగ్గర పగిడేరులో ఆ వేడితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. గుండాల తెలంగాణలో ఉందన్నదీ పొరపాటే, 2014 విభజన వేళ భద్రాచలం పట్టణం తెలంగాణకు మిగిలి ఈ గ్రామం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. భద్రాచలం రోడ్డు స్టేషనులో దిగితే గుడి ఎదురుగా ఉండదు, అది కొత్తగూడెం, అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్ల బస్సు ప్రయాణం.

గుండాల చూడదగిన చోటే. వానకాలపు వరదలో ఆ ఇసుక మునిగిపోతుంది కనుక చలికాలంలో వెళ్ళడం మంచిది. భద్రాచలంలో ముక్కోటి ఏకాదశి ముందు రోజు గోదావరిలో హంసవాహనంపై జరిగే తెప్పోత్సవం, మరునాటి ఉత్తరద్వార దర్శనం, చుట్టుపక్కలి ఎటపాక, పర్ణశాల క్షేత్రాలు అన్నీ రెండు రోజులలో కలిసివస్తాయి. షుగరు ఉన్నవారు బయలుదేరేముందు పాదపరీక్ష చేయించుకోవాలి: వైద్యుడు 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును, కళ్ళు మూసుకున్న రోగి అరికాలిలో అక్కడక్కడా ఆనించి తగిలిందో లేదో అడుగుతాడు, నొప్పి గానీ సూది గానీ ఉండదు. పోగు తగిలినట్టు తెలియనివారు గుంట దగ్గర కూర్చుని చూడవచ్చు, కాలు పెట్టరాదు. ఇంట్లో స్నానపు నీటిని కూడా వారు కాలితో కాక మోచేతితో, అంతకన్నా మేలుగా స్పర్శ బాగున్న మరొకరి చేతితో పరీక్షించుకోవాలి. ఎండవేళ గుడి, దర్గా, మసీదు ప్రాంగణాలలోని రాతి పరుపు కూడా ఇటువంటి పాదాన్ని కాల్చివేస్తుంది, కిషన్‌బాగ్ మురళీమనోహర ఆలయమైనా భద్రాద్రి అయినా వారు మందపాటి మేజోళ్ళతోనో, ఎండ చల్లబడ్డాకనో వెళ్ళడం మేలు. బస చేరిన ప్రతి రాత్రీ అరికాళ్ళను అద్దంలో చూసుకోవాలి; బొబ్బ కనబడితే దానిని చిదపకుండా, పసుపు, కాఫీపొడి, టూత్‌పేస్టు వంటివి పూయకుండా, మంచినీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టి, తిరుగు ప్రయాణం దాకా ఆగక దగ్గరలోని ఆసుపత్రికి ఆలస్యం చేయకుండా వెళ్ళాలి.