అండమాన్‌కు మిలిటరీ విమానంలో వెళ్లొచ్చా? ఆ సీటు ఎవరికిస్తారు, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది?

విశాఖపట్నంలోని నేవల్ ఆర్మమెంట్ డిపోలో పనిచేసే 8 మంది సివిలియన్ ఉద్యోగులు 2016 జులై 22న డ్యూటీ మీద పోర్ట్‌బ్లెయిర్ బయల్దేరారు. వారు ఎక్కింది ఎయిర్‌లైన్స్ విమానం కాదు. చెన్నై దగ్గరి తాంబరం నుంచి వెళ్లే వైమానిక దళ కొరియర్ విమానం, ఏఎన్-32.

ఉదయం 8.30కు బయల్దేరిన విమానం 11.45కు దిగాల్సి ఉంది. కానీ 9 గంటలు దాటిన కాసేపటికే బంగాళాఖాతం మీద రాడార్ నుంచి మాయమైంది. అందులో మొత్తం 29 మంది ఉన్నారు. నౌకలు, విమానాలతో వారాల తరబడి గాలించినా ఆచూకీ దొరకలేదు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో ఆ విమానానివే అయి ఉంటాయని భావిస్తున్న శకలాలను గుర్తించినట్లు రక్షణ శాఖ ప్రకటించింది. చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున అవి కనిపించాయి.

అండమాన్‌తో ఉత్తరాంధ్రకు ఉన్న బంధం చిన్నది కాదు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల్లోనే ఉన్నాయి. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్‌బ్లెయిర్‌కు చేపల వేటకో, కూలి పనులకో, ఉద్యోగానికో వెళ్లినవారు మన జిల్లాల్లో చాలా ఊళ్లలో ఉంటారు. అందుకే 'మిలిటరీ విమానంలో మనకు సీటు దొరుకుతుందా?' అనే ప్రశ్న ఇక్కడ తరచూ వినిపిస్తుంది.

మామూలు ప్రయాణికులు ఎక్కొచ్చా?

టికెట్ కొని ఎక్కే వీలు లేదు. కొరియర్ విమానాలు నడిచేది సైనికుల కోసం, సరకుల కోసం. ఏఎన్-32లో అధికారిక పని మీద వెళ్లే రక్షణ శాఖ సివిలియన్ ఉద్యోగులకు కూడా చోటిస్తారు. ఎవరు వెళ్లాలన్నది పై అధికారుల అనుమతి మీద, ఖాళీ మీద ఆధారపడి ఉంటుంది. అంటే అది మనం కొనుక్కునే సీటు కాదు, ఉత్తర్వుతో వచ్చే సీటు. మిలిటరీ ఫ్లైట్‌లో టికెట్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వొద్దు.

పౌరులకు టికెట్లు అమ్మే మిలిటరీ సర్వీసులు లేకపోలేదు. చలికాలంలో మంచుతో దారి మూసుకుపోయినప్పుడు లద్దాఖ్‌లోని కార్గిల్‌కు వైమానిక దళం ఏఎన్-32 కొరియర్ నడుపుతుంది. స్థానిక యంత్రాంగం ద్వారా పౌరులు ఛార్జీ కట్టి అందులో వెళ్తారు. బ్రిటన్ నుంచి దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవులకు వెళ్లే సైనిక విమాన సర్వీసులోనూ పౌరులు సీట్లు కొనుక్కోవచ్చు.

ఎయిర్‌పోర్టు నేవీదే కదా, మరి తేడా ఏంటి?

చాలామంది తికమకపడేది ఇక్కడే. విశాఖ ఎయిర్‌పోర్టు రన్‌వే నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాది. శ్రీ విజయపురంలో వీర్ సావర్కర్ ఎయిర్‌పోర్టు వాడుకునే రన్‌వే ఐఎన్‌ఎస్ ఉత్క్రోశ్‌ది. రన్‌వే సైన్యానిదైనా ఇండిగో, ఎయిరిండియా లాంటి సంస్థల విమానం ఎక్కితే మీరు పౌర ప్రయాణికులే. మీ హక్కులను నిర్ణయించేది విమానం ఎవరిదన్నదే.

అత్యవసరమైతే?

అప్పుడు సైన్యమే వస్తుంది. 2004 సునామీ తర్వాత కార్ నికోబార్ నుంచి, 2016 డిసెంబర్‌లో తుపానుతో హేవ్‌లాక్‌లో చిక్కుకున్న పర్యాటకులను సైన్యం తరలించింది. కార్ నికోబార్, క్యాంప్‌బెల్ బే లాంటి చోట్ల రోగి పరిస్థితి విషమిస్తే నౌకాదళం, కోస్ట్ గార్డ్ విమానాలు, హెలికాప్టర్లు శ్రీ విజయపురానికి చేరుస్తుంటాయి. దీనికి కుటుంబం నేరుగా సైన్యాన్ని సంప్రదించాల్సిన పనిలేదు. అక్కడి ప్రభుత్వ వైద్యుడు సిఫారసు చేస్తే, దీవుల యంత్రాంగం సైన్యాన్ని కోరుతుంది. కాబట్టి ముందు వెళ్లాల్సింది ప్రభుత్వ ఆసుపత్రికే.

ప్రమాదం జరిగితే తేడా ఎక్కడ?

పౌర విమానాలపై పర్యవేక్షణ డీజీసీఏది. ప్రమాదమైతే ఏఏఐబీ దర్యాప్తు చేస్తుంది. ప్రయాణికులకు పరిహారం చెల్లించాల్సిన బాధ్యతను క్యారేజ్ బై ఎయిర్ చట్టం, 1972 విమాన సంస్థ మీద పెడుతుంది.

మిలిటరీ విమానం విషయంలో సొంత నిబంధనలు ఉంటాయి. ప్రమాదంపై కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరుగుతుంది. కుటుంబానికి అందే సాయం ఉద్యోగ నిబంధనల ప్రకారం వస్తుంది. 2016 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, విధి నిర్వహణలో ప్రమాదవశాత్తూ మరణించిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కుటుంబానికి రూ.25 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తారు. పెన్షన్ ప్రయోజనాలు దీనికి అదనం.

మృతదేహం దొరకకపోతే డెత్ సర్టిఫికెట్ దగ్గరే చిక్కు వస్తుంది. ఏడేళ్ల పాటు ఆచూకీ లేని వ్యక్తిని మరణించినట్లు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతోంది. ఏఎన్-32 కుటుంబాలను అన్నేళ్లు ఆపలేదు. విమానంలోని వారంతా మరణించినట్లు భావిస్తున్నామని 2016 సెప్టెంబర్‌లోనే వైమానిక దళం వారికి లేఖలు రాసింది. ఇలాంటి లేఖ లేని సందర్భాల్లోనూ ఒక దారి ఉంది. కేంద్ర ఉద్యోగి కనిపించకుండా పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి. అది నమోదైన 6 నెలల తర్వాత కుటుంబ పెన్షన్‌కు దరఖాస్తు చేయొచ్చు.

డ్యూటీ మీద వెళ్లేవారు ఏం చూసుకోవాలి?

* ప్రయాణానికి సంబంధించిన మూవ్‌మెంట్ ఆర్డర్ కాపీ లేదా ఫొటో ఒకటి ఇంట్లో ఉంచండి. అది అధికారిక ప్రయాణమే అనడానికి ఆధారం.
* సర్వీస్ రికార్డులో, ఇన్సూరెన్స్‌లో నామినీ వివరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.
* వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీ చదవండి. చాలా పాలసీలు విమాన ప్రమాదాలకు షరతులు పెడతాయి. కొన్ని ఛార్జీ చెల్లించిన ప్రయాణికుడికే వర్తిస్తాయి. క్రెడిట్ కార్డుతో వచ్చే విమాన ప్రమాద బీమాకు ఆ కార్డుతోనే టికెట్ కొని ఉండాలన్న షరతు సాధారణం. మిలిటరీ విమానంలో అసలు టికెట్టే ఉండదు. మీ పాలసీ వర్తిస్తుందో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

మిగతావారికి దారులేంటి?

విశాఖ నుంచి శ్రీ విజయపురానికి ప్రయాణికుల నౌక ఉంది. ప్రయాణం సుమారు 56 గంటలు. రోజూ ఉండదు కాబట్టి తేదీ తెలుసుకున్నాకే ప్రయాణం ఖాయం చేసుకోవాలి. తొందరగా వెళ్లాలంటే చెన్నై లేదా హైదరాబాద్ మీదుగా విమానం.

అక్కడి నుంచి చిన్న దీవులకు ప్రభుత్వ నౌకలు, దీవుల యంత్రాంగం నడిపించే పవన్ హన్స్ హెలికాప్టర్లు ఉన్నాయి. హెలికాప్టర్‌లో సీట్లు తక్కువ, సామాను పరిమితి కూడా తక్కువే. రోగులకు ప్రాధాన్యం ఉంటుంది. ఐలాండర్ కార్డు ఉన్న స్థానికులకు ఛార్జీలో రాయితీ ఇస్తారు. కార్ నికోబార్ లాంటి గిరిజన ప్రాంతాలకు వెళ్లాలంటే 1956 నాటి ఆదివాసీ రక్షణ నిబంధన కింద ముందుగా పాస్ తీసుకోవాలి. సీటు దొరికినా పాస్ లేకపోతే వెళ్లనివ్వరు.