కొళాయి గొట్టం మురుగు పీలుస్తుందా?

గొట్టానికి పగులు వస్తే నీళ్ళు బయటికి కారిపోతాయి. ఇది అందరికీ తెలిసిందే. మరి అదే పగులులోంచి బయటి మురుగు లోపలికి వెళుతుందంటే నమ్ముతారా? "లోపలినుంచి నీళ్ళు చిమ్ముతూంటే బయటివి ఎలా పోతాయి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే! ఒక చిన్న ప్రయోగం చేసి చూద్దాం.

పలచటి ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకోండి. అడుగుకు కొంచెం పైన సన్నని మేకుతో చిల్లు పెట్టండి. సీసా నిండా మంచినీళ్ళు పోసి మూత గట్టిగా బిగించండి. ఒక గిన్నెలో నీళ్ళు పోసి సిరా కలపండి. చిల్లు మునిగేలా సీసాను గిన్నెలో నిలబెట్టి, రెండు పక్కలా నొక్కండి. లోపలి నీళ్ళు గిన్నెలోకి వస్తాయి. ఇప్పుడు చేయి వదలండి. సీసా మళ్ళీ ఉబ్బుతూ సిరా నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది!

కారణం ఏమిటి? నీరు పీడనం ఎక్కువగా ఉన్నవైపునుంచి తక్కువగా ఉన్నవైపుకు పోతుంది. నొక్కినప్పుడు సీసాలో పీడనం ఎక్కువ. వదిలినప్పుడు బయట ఎక్కువ. చిల్లు ఒకటే, దారి మాత్రం మారింది.

మీ ఊరి మంచినీటి గొట్టాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పది మీటర్ల ఎత్తున్న నీరు దాదాపు ఒక వాతావరణ పీడనంతో కిందికి నొక్కుతుంది. అందుకే నీటి ట్యాంకును ఎత్తుమీద కడతారు. నీళ్ళు వదిలినంతసేపూ ఆ పీడనమే గొట్టాలకు కాపలా. కాని మన ఊళ్ళలో చాలాచోట్ల కొళాయిలు రోజంతా రావు. ట్యాంకు కట్టేయగానే గొట్టాల్లోని నీరు పల్లపు కొళాయిలవైపు జారిపోతుంది. అప్పుడు మెరకన ఉన్న గొట్టాల్లో పీడనం పడిపోతుంది. ఆ గొట్టం మురుగుకాలువలోంచి పోతూ, దాని అతుకు వదులుగా ఉంటే, మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు మొదటి బిందెలో పడేది అదే. కొళాయికి నేరుగా మోటారు బిగించి నీళ్ళు లాగితే ఈ ప్రమాదం మరింత పెరుగుతుంది.

ప్రయోగంలో సిరా కాబట్టి కంటికి కనిపించింది. మురుగులోని సూక్ష్మజీవులు అలా కనిపించవు. నీరు తేటగా ఉన్నా అందులో అతిసారం, కామెర్లు, టైఫాయిడ్ తెచ్చే క్రిములు ఉండవచ్చు.

ఇది ఎంత పెద్ద విషయమో విజయనగరం జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. 2024 అక్టోబరులో ఆ జిల్లాలోని గుర్లలో అతిసారం ప్రబలింది. వందల మంది జబ్బుపడ్డారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు అందరి చూపూ తాగునీటిమీద, చంపావతి నది కాలుష్యంమీద పడింది. ప్రభుత్వం విచారణ జరిపించింది.

ఇది పల్లెలకే పరిమితమైన ముప్పు అనుకోకండి. 1933లో అమెరికాలోని చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. చూడవచ్చినవారిలో చాలామందికి రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. 98 మంది చనిపోయారు. చివరికి తేలిందేమిటంటే, రెండు హోటళ్ళలో గొట్టాల అమరిక లోపంవల్ల మురుగునీరు తాగేనీటిలో కలిసింది. హోటళ్ళు గొప్పవే, గొట్టాలే సరిగా లేవు.

మరి మీరు ఏం చేయవచ్చు? ముందుగా మీ ఇంటి కొళాయి గొట్టం ఏ దారిన వస్తోందో నడిచి చూడండి. అది కాలువలోంచి పోతూంటే పైకెత్తి, పక్కకు మార్పించాలి. అతుకు కారుతూంటే రబ్బరు ముక్క చుట్టి ఊరుకోకూడదు. పంచాయతీకి చెప్పి కొత్త అతుకు వేయించాలి. నీళ్ళు సన్నగా వస్తున్నాయని కొందరు గుంట తవ్వి అందులో కొళాయి పెట్టుకుంటారు. నీళ్ళు ఆగగానే గుంటలోని మురికి గొట్టంలోకి పోతుంది. ఆ గుంట పూడ్పించండి. రబ్బరు గొట్టం కొసను తొట్టి నీటిలో ముంచి వదలకండి. కొసకూ నీటికీ మధ్య జానెడు ఖాళీ ఉంటే వెనక్కి పీల్చే దారి ఉండదు. కొళాయి రాగానే వచ్చే మొదటి నీళ్ళను మొక్కలకు పోయండి. ఇంటిమీది ట్యాంకును క్రమం తప్పకుండా కడిగి, మూత పెట్టండి.

మరో పరీక్ష కూడా ఉంది. ట్యాంకులో బ్లీచింగు కలిపితే కొంత క్లోరిన్ మిగిలి కొళాయిదాకా రావాలి. అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. క్లోరిన్ పరీక్ష పెట్టె ఉంటే మీ ఉపాధ్యాయుల సాయంతో వీధి వీధినా నీరు పరీక్షించండి. అన్ని వీధుల్లో క్లోరిన్ ఉండి ఒక వీధిలోనే లేకపోతే, అక్కడి గొట్టాన్ని అనుమానించాలి. క్రిములతో, మురికితో పోరాడటంలో క్లోరిన్ ఖర్చయిపోయి ఉండవచ్చు.

గొట్టం బాగయ్యేవరకు తాగేనీళ్ళను తెర్లేదాకా కాచి, చల్లార్చి తాగండి. కారే అతుకు కనిపిస్తే "పోయేవి నీళ్ళేగా" అనే పెద్దవాళ్ళకు మీ సీసా ప్రయోగం చేసి చూపించండి.