ముత్తాత పాదం, మునిమనవరాలి బూటు

మాది పొందూరు. మా నాన్న గుంటమగ్గం మీద ఖద్దరు నేసేవాడు. ఆయన అరికాలు పలకలా ఉండేది. తడికాళ్లతో నడిస్తే గచ్చు మీద పాదం పాదమంతా పడేది. పొద్దస్తమానం మగ్గం తొక్కినా కాలు నొప్పి అన్న మాట ఆయన నోట వినలేదు.

అందుకే మొన్న సంక్రాంతికి వచ్చిన మనవరాలు నూతి దగ్గర కాళ్లు కడుక్కుని వసారాలోకి వస్తే, ఎర్రగచ్చు మీద అదే అచ్చు చూసి ముత్తాత పోలికని మురిసిపోయాను. దానికి తొమ్మిదేళ్లు. విశాఖ శివాజీ పార్కులో చక్రాల స్కేటింగు నేర్చుకుంటోంది. 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తాళ్లూరి మంచు మీద స్కేటింగులో స్వర్ణాలు గెలిచిందని విన్నప్పటి నుంచి దాని ధ్యాసంతా మంచు మీదే. ఆ రాత్రి నా పక్కలో చేరి మెల్లగా చెప్పింది: "అమ్మమ్మా, బూట్లేస్తే అరికాలు నొప్పెడతంది. అమ్మకి చెబితే మానేయడానికి సాకు అంటంది."

సాకు కాదది. రేపు మంచు మీద తొడగాలనుకునే ఫిగర్ స్కేటు బ్లేడు మందం సుమారు 4 మిల్లీమీటర్లే. మధ్యలో గాడి, అటూ ఇటూ రెండు అంచులు. పాదం లోపలికి ఒరిగిందంటే బరువంతా లోపలి అంచు మీదే పడుతుంది, బయటి అంచు మీద నిలవడం కష్టమవుతుంది. మగ్గం కింద మా నాన్న కాలికి ఏ కట్టూ లేదు. ఈ పిల్ల కాలు మాత్రం గట్టి బూటులో బందీ.

పిల్లను ఎముకల డాక్టరుకు చూపించాం. ఆయన చేయించిన మొదటి పరీక్ష మునివేళ్ల మీద నిలబడమనడం. అప్పుడు అరికాలిలో వంపు తేలింది. అలా తేలే చదును పాదం మెత్తనిది, చిన్నపిల్లల్లో మామూలే. నొప్పి లేకపోతే దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు. వంపు తేలకపోయినా, పాదం బిగుసుకుపోయి నొప్పెట్టినా బూటు లోపల వేసే ఇన్‌సోల్ కొనడం కాదు, ఎక్స్‌రే తీయించాలి. లోపల ఎముకలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవచ్చు.

తర్వాత ఆయన బూటు తీసి చూశారు. ఒక సైజు పెద్దది! ఎదిగే పిల్ల కదా అని బడిబూట్లు కొన్నట్టే కొన్నారు. మడమ లోపల ఊగుతుంటే ఎంత మంచి ఇన్‌సోల్ వేసినా దండగే. పైగా మా అల్లుడు దుకాణంలో వేలితో నొక్కి చూసి, మెత్తగా ఉందని జెల్ సోలు ఒకటి తెచ్చి పాత సోలు మీదే వేశాడు. మడమ ఇంకా పైకి లేచి, బూటులో అది కూర్చోవలసిన గుంట దాటిపోయింది. నొప్పి రెట్టింపయింది.

వంపు కింద బొటనవేలితో గట్టిగా నొక్కితే పూర్తిగా అణగిపోని ఇన్‌సోల్ కావాలి. మడమను గిన్నెలా పట్టుకోవాలి, వేళ్ల దగ్గర పలచగా ఉండాలి. బూటులో ఉన్న సోలు తీసేసి, దాన్నే కొలతగా పెట్టి వేళ్ల వైపు మాత్రమే కత్తిరించాలి. పిల్లను, బూటును, స్కేటింగుకు వేసుకునే మేజోళ్లను దుకాణానికి వెంట తీసుకెళ్లాలి. వేసి, లేసులు కట్టి, మోకాళ్లు వంచి నిలబడితే మడమ లేవకూడదు. మొదటి వారం పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. బూటు విప్పాక ఎర్రటి మచ్చ చాలాసేపు పోకపోతే అక్కడ ఒత్తుకుంటోందన్నమాట. మంచు మీద ఇంకా జాగ్రత్త, చలికి కాలు మొద్దుబారి నొప్పి తెలియదు.

కొలతలిచ్చి, వేల రూపాయలు పోసి ఇన్‌సోళ్లు చేయించాలా? పిల్లల చదును పాదాల మీద 2022లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్షలో, దుకాణంలో దొరికేవాటికంటే అవి ఎక్కువ మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ముందు మామూలువే చూడమంటాను.

మా పిల్లకు సరైన సైజు బూటు, గట్టి ఇన్‌సోల్ వచ్చాయి. పాదం పెరుగుతుంది కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి కొలుస్తున్నాం. మీ ఇంట్లోనూ పిల్ల కాలు నొప్పంటే సాకు అనకండి. బూటు విప్పించి, అరికాలు మీ చేత్తో ఒకసారి తడిమి చూడండి.