హిస్టరీ లేదన్నది ఎవరికి? వాడకు చిన్న అప్పు పుట్టే దారులు, వాటి ఖరీదు

భూమి లేని కూలి మనిషి బ్యాంకుకు పోతే వెనకటికి మేనేజరు రెండు ప్రశ్నలు వేసేవాడు. పట్టా ఉందా? జామీను ఎవరుంటారు? ఇప్పుడు ఆ రెంటికీ ముందు ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది. ఆధార్, పాన్ నంబర్లు కంప్యూటర్లో కొట్టి చూసి "మీకు హిస్టరీ లేదమ్మా, సిస్టం ఒప్పుకోవడం లేదు" అంటాడు. పట్టా లేదంటే భూమి మనకు పంచలేదని తెలిసేది. జామీను లేదంటే ఊళ్ళో మన తరఫున నిలబడేవాడు లేడని తెలిసేది. హిస్టరీ లేదంటే మాత్రం తప్పేదో మన దగ్గరే ఉన్నట్టు తల దించుకొని వచ్చేస్తున్నాం.

ఆస్పత్రికి అయిదు వేలు, పిల్లవాడి హాస్టలు డిపాజిట్టుకు ఎనిమిది వేలు, తోపుడు బండి మీద సరుకుకు పది వేలు. మన అవసరాలు ఈపాటివే. మూడు నాలుగు నెలల్లో తీరిపోయేవే. ఇంత చిన్న అప్పు ఎందుకు పుట్టదు, పుడితే ఎక్కడ పుడుతుంది, దానికి మనం కట్టే ఖరీదు ఎంత అనేది ఈ వ్యాసంలో లెక్క గట్టి చూపాలని మా ప్రయత్నం.

వాడ చరిత్రంతా అప్పుల చరిత్రే

వాడ మనిషికి అప్పుల చరిత్ర లేదనడం కన్నా పెద్ద అబద్ధం లేదు. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేసింది. వెట్టికి దేశంలో ఉన్న రకరకాల పేర్లను ఆ చట్టం రెండో సెక్షనులోనే జాబితాగా ఇచ్చారు. అందులో పాలేరు ఉంది, భగేలా ఉంది, వెట్టి ఉంది. ఇవి మన ఊళ్ళ మాటలు. పెళ్ళికో చావుకో తెచ్చిన కొద్దిపాటి అప్పు కింద తండ్రి జీతానికి కుదరడం, అది తీరక కొడుకు కూడా అదే కొట్టంలో పశువుల దగ్గర చేరడం, దాన్నే ఆ మాటలు చెప్తాయి. 1975 అక్టోబరు 25 నుంచి అమల్లోకి వచ్చినట్టుగా భావించే ఆ చట్టం వెట్టి కింద ఉన్న అప్పులన్నింటినీ రద్దు చేసింది.

మేము వెట్టిని పొగడటం లేదు. ఒక ప్రశ్న అడుగుతున్నాం. ఒక రూపాయికి పది రూపాయల చాకిరీ తరాల తరబడి చేసి కట్టిన వాళ్ళకు "తిరిగి కట్టిన చరిత్ర లేదు" అనడానికి నోరెలా వస్తుంది? చరిత్ర ఉంది. అయితే అది ఆసామి చిట్టా పుస్తకంలో ఉంది, ప్రోనోటు మీద వేలిముద్రలో ఉంది, కిరాణా కొట్టు ఖాతాలో ఉంది. బ్యాంకు ఆ పుస్తకాలను చదవదు. బ్యాంకు చదివే పుస్తకంలోకి మనల్ని రానియ్యలేదు.

ఆ పుస్తకంలోకి మొదట ఎక్కిన వాళ్ళెవరు? 1951–52 అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం రైతులు తెచ్చుకున్న అప్పులో సహకార సంఘాలు ఇచ్చింది నూటికి సుమారు 3 రూపాయలు. వడ్డీ వ్యాపారులు ఇచ్చింది సుమారు 70. భూమి ఉన్న రైతుకే అంత. కూలి సంగతి చెప్పనక్కర్లేదు. 1969లో 14 బ్యాంకులను, 1980లో ఇంకో 6 బ్యాంకులను జాతీయం చేశాక శాఖలు పల్లెలకు వచ్చాయి. అయినా పెద్ద అప్పులకు పట్టాదారు పాసు పుస్తకమే తాళం చెవి. ఆ తాళం చెవి ఎవరి చేతిలో ఉందో వాళ్ళకే హిస్టరీ పుట్టింది. నిన్నటి భూమి పంపకమే ఈ రోజు స్కోరుగా మారి మన ముందుకొచ్చింది.

సిబిల్ లెక్క ఎట్లా నడుస్తుంది

మన దేశంలో అప్పుల వివరాలు పోగేసే కంపెనీలు నాలుగు ఉన్నాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. 2005 నాటి ప్రత్యేక చట్టం కింద ఇవి నడుస్తాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఎవరికి ఎంత ఇచ్చిందీ, ఎవరు ఏ నెల కట్టిందీ వీటికి పంపుతాయి. దాన్ని బట్టి 300 నుంచి 900 దాకా మార్కులు వేస్తారు. కిస్తీ గడువులో కట్టామా, ఉన్న పరిమితిలో ఎంత వాడుకున్నాం, ఎన్నాళ్ళ నుంచి అప్పు ఖాతా ఉంది, ఈ మధ్య ఎన్ని చోట్ల అప్పు అడిగాం, ఇవీ వాళ్ళు చూసేవి.

ఎన్నడూ బ్యాంకు అప్పు తియ్యని మనిషి రిపోర్టులో మార్కులకు బదులు మైనస్ ఒకటి అనో, ఎన్.హెచ్. అనో ఉంటుంది. ఇక్కడ విద్యార్థులు, కార్యకర్తలు ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. మైనస్ ఒకటి అంటే ఎగవేతదారు అని కాదు. లెక్క ఇంకా మొదలు కాలేదని. పరీక్ష రాయని వాణ్ణి తప్పినవాడితో కలిపి బయటికి తోసెయ్యకూడదు గదా. రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6 నాటి ఆదేశాల్లో ఈ మాటే చెప్పింది. మొదటిసారి అప్పు అడిగేవాళ్ళ దరఖాస్తును హిస్టరీ లేదనే ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని. అదే సంవత్సరం కేంద్ర ఆర్థిక శాఖ లోక్‌సభలో కూడా దీన్ని చెప్పింది. బ్యాంకు అప్పు ఇచ్చి తీరాలని దీని అర్థం కాదు. ఆదాయం, ఇతర వివరాలు చూడకుండా, కంప్యూటరు వంక చూపించి పంపెయ్యకూడదని అర్థం.

నోటి వడ్డీ వేరు, అసలు వడ్డీ వేరు

బ్యాంకు తలుపు మూసుకుంటే పక్క తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. డైలీ ఫైనాన్స్ వాడు హిస్టరీ అడగడు. మన ఇల్లు, మన బండి, మనం కూర్చునే జాగా చూసుకుంటాడు. అతని లెక్క చూద్దాం. పది వేల అప్పు రాస్తాడు. పదిహేను వందలు ముందే పట్టుకొని 8,500 చేతిలో పెడతాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "నూటికి పదిహేనే" అంటాడు.

అది నిజం కాదు. మొదటి రోజు నుంచే మనం అసలు తిరిగి కడుతూ వస్తున్నాం. సగం రోజులు గడిచేసరికి మన దగ్గర మిగిలిన అతని డబ్బు దాదాపు సగమే. వడ్డీ మాత్రం మొత్తానికి పట్టుకున్నాడు. సరిగ్గా లెక్క గడితే ఇది నెలకు నూటికి సుమారు 10 రూపాయలు, అంటే ఏడాదికి నూటికి 120. ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36. మూడు రూపాయల వాణ్ణి తిట్టుకుంటూ పది రూపాయల వాడి దగ్గరికి పోతున్నాం, కిస్తీ రోజుకు వందే గదా అని.

సెల్‌ఫోను అప్పులు ఇంకా అన్యాయం. అయిదు వేలు అని చెప్పి, ఫీజుల పేరున కోసుకొని 3,500 ఖాతాలో వేసి, ఏడు రోజుల్లో అయిదు వేలు కట్టమన్నారనుకుందాం. వారానికే నూటికి 43 పడింది. కట్టలేకపోతే ఫోన్లో ఉన్న చుట్టాల నంబర్లన్నింటికీ బూతు మెసేజీలు పెట్టి పరువు తీస్తారు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఇటువంటి యాప్‌ల మీద కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ తర్వాత 2022లో రిజర్వు బ్యాంకు నియమాలు తెచ్చింది. డబ్బు నేరుగా మన ఖాతాలోకే రావాలి. మొత్తం ఖర్చు ఏడాదికి నూటికి ఎంత పడుతుందో ఒక కాగితంలో ముందే చెప్పాలి. ఫోన్లోని నంబర్లు, ఫోటోలు యాప్ చూడకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ యాప్‌ను తీసెయ్యాలి. దాని వెనక ఉన్న బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు చెప్పని యాప్‌ను అసలు ముట్టుకోవద్దు.

హిస్టరీ లేకపోయినా అప్పు పుట్టే చోట్లు

మొదటిది మహిళా సంఘం. గ్రూపు పొదుపులోంచి ఇచ్చే చేతి అప్పుకు సిబిల్ అక్కర్లేదు. వడ్డీ గ్రూపే నిర్ణయించుకుంటుంది. చాలా చోట్ల నూటికి రూపాయే. 2011లో మొదలైన స్త్రీనిధి సంఘం సభ్యులకు 48 గంటల్లో అప్పు అందించే ఏర్పాటుగా వచ్చింది. ఆస్పత్రి వంటి తొందర పనికి ముందు అడగాల్సింది ఇక్కడ. సభ్యుల వారీగా వివరాలు క్రెడిట్ కంపెనీలకు పంపాలని రిజర్వు బ్యాంకు 2016లోనే బ్యాంకులకు చెప్పింది. కాబట్టి గ్రూపుకు వచ్చిన బ్యాంకు అప్పును మన ఆడవాళ్ళు కట్టిన ప్రతి కిస్తీ వాళ్ళ పేరున ఎక్కాలి. ఎక్కిందో లేదో రిపోర్టు తీసి చూసుకోవాలి.

రెండవది జనధన్ ఖాతా. ఆరు నెలలు సరిగ్గా నడిచిన ఖాతా మీద ఇంటికి ఒకరికి పది వేల దాకా ఓవర్‌డ్రాఫ్ట్ ఇవ్వవచ్చు. అందులో రెండు వేల వరకు షరతులు లేవు. ఖాతా ఉన్నవాళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలియదు. అడగకపోతే ఎవరూ చెప్పరు.

మూడవది వీధి వ్యాపారులకు 2020లో వచ్చిన స్వనిధి పథకం. జామీను లేకుండా మొదటి విడత పది వేలు ఇచ్చేవారు. 2025లో దాన్ని 15,000 చేశారు. గడువులో తీరిస్తే 25,000, తర్వాత 50,000. కట్టినవారికి వడ్డీలో నూటికి 7 వంతున రాయితీ వస్తుంది. మునిసిపాలిటీ ఇచ్చే గుర్తింపు కార్డు గానీ సిఫార్సు లేఖ గానీ కావాలి. పట్నంలో చెప్పులు కుట్టేవాళ్ళు, కూరగాయలు అమ్మేవాళ్ళు దీనికి అర్హులే.

నాలుగవది బంగారం. పుస్తెలో, కమ్మలో ఉంటే మార్వాడీ కొట్టుకు కాక బ్యాంకుకు తీసుకుపోవాలి. వడ్డీ తక్కువ, రశీదు ఉంటుంది, తీర్చిన లెక్క మన పేరున ఎక్కుతుంది. అసలు హిస్టరీ లేని మనిషికి పుస్తకంలో మొదటి పేజీ తెరవడానికి ఇది సులువైన దారి. అయితే గడువు తేదీ గోడ మీద రాసిపెట్టుకోవాలి. వేలం నోటీసు వచ్చాక వగచి లాభం లేదు.

అయిదవది మైక్రోఫైనాన్స్. దీని దగ్గర జాగ్రత్త కావాలి. 2010లో వీళ్ళ వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యలు చూసి ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం కుటుంబం ఏటా సంపాదించేది మూడు లక్షల లోపు ఉంటే తాకట్టు అడగకూడదు. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదు. ఏజెంటు ఇంటి ముందు కూర్చున్న రోజు ఈ నాలుగు వాక్యాలూ గుర్తుండాలి.

ఎక్కడికి పోయినా ఒకేసారి నాలుగైదు చోట్ల దరఖాస్తు పెట్టవద్దు. ప్రతి విచారణా రిపోర్టులో ఎక్కుతుంది, మార్కులు తగ్గుతాయి. మన రిపోర్టు మనం చూసుకుంటే మాత్రం తగ్గవు. ప్రతి కంపెనీ ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి. అందులో తప్పుంటే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచెయ్యాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలనే నియమం 2024 నుంచి ఉంది.

"లేదు" అంటే రాసియ్యమనాలి

అప్పు నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలన్నది బ్యాంకులకు ఎప్పటినుంచో ఉన్న నియమం. షెడ్యూల్డు కులాలు, తెగల విషయంలో రిజర్వు బ్యాంకు ఇంకో మాట కూడా చెప్తూ వచ్చింది. వాళ్ళ దరఖాస్తును శాఖ మేనేజరు తన స్థాయిలో తోసిపుచ్చకూడదు. ఆ నిర్ణయం పై స్థాయిలో జరగాలి, కారణం స్పష్టంగా రాయాలి. ఎంతమంది దళితులకు ఈ సంగతి తెలుసు? దరఖాస్తే తీసుకోకుండా నోటితో "లేదు" అనడం ఎందుకంత సులువో ఇప్పుడు అర్థమవుతుంది. కాగితం పుట్టకపోతే పై స్థాయికి పోయేది ఏమీ ఉండదు. తిరస్కరించినట్టు లెక్కల్లోనూ ఉండదు. అందుకని దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోవడమే మొదటి పోరాటం. 30 రోజుల్లో బ్యాంకు జవాబు చెప్పకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు.

పథకాల మోసం కూడా గమనించాలి. 1972లో డి.ఆర్.ఐ. పథకం వచ్చింది. నూటికి ఏడాదికి 4 రూపాయల వడ్డీ, తాకట్టు లేదు. బ్యాంకులు తమ అప్పుల్లో నూటికి ఒక వంతు దీనికివ్వాలి. అందులో 40 వంతులు ఎస్సీ, ఎస్టీలకు పోవాలి. వినడానికి మన కోసమే పుట్టినట్టుంది. అయితే అప్పు పరిమితి 15,000, కుటుంబ ఆదాయ పరిమితి పల్లెలో ఏడాదికి 18,000 అని పెట్టారు. 2025–26లో తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఇంట్లో ఒక్కరు వంద రోజులు మట్టి మోస్తే 30,700. అంటే ఉపాధి పనికి పోయిన ఇల్లు ఈ పథకానికి "ధనిక" ఇల్లు. పథకం రద్దు చెయ్యకుండానే చంపడమంటే ఇదే.

కనుక సంఘాలు చెయ్యాల్సిన పని స్పష్టంగానే ఉంది. డి.ఆర్.ఐ. ఆదాయ పరిమితి పెంచమని అడగాలి. గ్రూపు కిస్తీలు సభ్యుల పేరున ఎక్కించమని బ్యాంకులను నిలదియ్యాలి. వాడకొక నోటుబుక్కు పెట్టాలి. ఎవరు, ఏ తేదీన, ఏ శాఖలో, ఎంత అడిగారు, రశీదు ఇచ్చారా, ఏం కారణం చెప్పారు అన్నది అందులో రాయాలి. టీచర్లు, చదువుకున్న పిల్లలు ఈ పని చెయ్యగలరు. ఏడాది తిరిగేసరికి పది వాడల నోటుబుక్కులు కలిపి లీడ్ బ్యాంకు అధికారి ముందు పెడితే, హిస్టరీ లేనిది మనకా, మనకు అప్పిచ్చిన హిస్టరీ లేనిది బ్యాంకుకా అన్నది అప్పుడు తేలుతుంది.