టెన్త్‌లో మళ్లీ అమ్మాయిలే ముందు: ఆ ఆరు శాతం ఎక్కడి నుంచి వస్తోంది?

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన మర్నాడు పేపర్లలో హెడ్డింగు ఏటా ఒకటే: ‘బాలికలదే పైచేయి’. 2025 ఏప్రిల్ 23న వచ్చిన ఆంధ్రప్రదేశ్ ఫలితాలూ అంతే. పరీక్ష రాసిన 6,14,459 మందిలో 4,98,585 మంది పాసయ్యారు. అంటే 81.14 శాతం. అందులో అమ్మాయిలు 84.09, అబ్బాయిలు 78.31. తేడా ఆరుకు కాస్త తక్కువ. ఉండి సెంటర్లోనో, ఆకివీడు బస్టాండు దగ్గరో టీ తాగుతూ పేపరు తిరగేసే పెద్దమనిషి దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తాడు: ‘ఆడపిల్లలు ఇంట్లో కూర్చుని చదువుతారు, మగపిల్లలు ఫోన్లు పట్టుకుని తిరుగుతారు.’

ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ పూర్తి లెక్క అది కాదు. నాలుగైదేళ్ల ఫలితాలు పక్కపక్కన పెట్టి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది.

2019లో రాష్ట్రంలో టెన్త్ పాసైనవారు 94.88 శాతం. అమ్మాయిలు 95.09, అబ్బాయిలు 94.68. తేడా అర శాతం కూడా లేదు. కరోనా వల్ల 2020, 2021లో పరీక్షలు జరగలేదు, అందరినీ పాస్ చేశారు. 2022లో పరీక్ష పెట్టేసరికి మొత్తం శాతం 67.26కి పడిపోయింది. అమ్మాయిలు 70.70, అబ్బాయిలు 64.02. తేడా ఒక్కసారిగా 6.68. ఆ తర్వాత 2023లో 75.38, 69.27. 2024లో 89.17, 84.32. మూడేళ్లలో అబ్బాయిల బుర్రలు మొద్దుబారాయా? లేదు కదా. మారింది పరీక్ష.

2019 వరకు పదకొండు పేపర్లు ఉండేవి. ప్రతి సబ్జెక్టులో 20 మార్కులు బడిలోనే, ఇంటర్నల్స్ పేరుతో వేసేవారు. చదువులో వెనకబడిన కుర్రాణ్ని ఆ ఇరవై మార్కులు గట్టెక్కించేవి. తర్వాత ఇంటర్నల్స్ తీసేశారు. పేపర్లు 2022లో ఏడు, 2023లో ఆరు, 2024 నుంచి మళ్లీ ఏడు. ఇప్పుడు వందకు వంద మార్కులూ పరీక్ష హాల్లో రాసినదాన్ని బట్టే. ఏడాది పొడవునా రోజూ పుస్తకం తీసినవాళ్లెవరు, ఆఖరి నెలలో గైడు కొన్నవాళ్లెవరు అన్నది ఇలాంటి పరీక్షలో బయటపడుతుంది. తెలంగాణలో 2025 పరీక్షల్లోనూ ఇంటర్నల్స్ కొనసాగాయి. అక్కడ పాస్ శాతం 92.78, అమ్మాయిలు 94.26, అబ్బాయిలు 91.32. తేడా మూడులోపే. దాదాపు అందరూ పాసయ్యే చోట తేడా కనిపించడానికి జాగా ఉండదు. పరీక్ష బిగిసేకొద్దీ తేడా పెరుగుతుంది.

అమ్మాయిల దస్తూరీ చూసి మార్కులు వేస్తారనే మాట కూడా వినిపిస్తుంటుంది. పబ్లిక్ పరీక్షలో దిద్దేవారికి చేరే జవాబు పత్రం మీద పేరు ఉండదు, కోడ్ మాత్రమే ఉంటుంది. అందంగా రాస్తే ఒకటి రెండు మార్కులు కలిసొస్తాయేమో గానీ, లక్షల మందిలో ఆరు శాతం తేడా దస్తూరీతో రాదు.

ఇంకో వాదన కాస్త బలమైనది. చదవలేని అమ్మాయిలను ముందే బడి మానిపించేస్తారు, పదో తరగతి దాకా వచ్చేది తెలివైనవాళ్లే, అందుకే వాళ్ల శాతం ఎక్కువ అంటారు కొందరు. ఒకప్పుడు ఇది నిజమే అయ్యుండొచ్చు. ఇప్పటి లెక్కకు మాత్రం ఇది నిలబడదు. 2025 శాతాలను బట్టి వెనక్కి లెక్క కడితే, పరీక్ష రాసిన ప్రతి వంద మందిలో సుమారు 49 మంది అమ్మాయిలే. ఈ పిల్లలు చంటిబిడ్డలుగా ఉన్నప్పుడు జరిగిన 2011 జనాభా లెక్కల్లో, ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్లలోపు వెయ్యి మంది మగపిల్లలకు 939 మంది ఆడపిల్లలు. అంటే వందకు 48 మంది. పుట్టిన లెక్కకు తగ్గట్టుగానే అమ్మాయిలు పరీక్ష హాలు దాకా వస్తున్నారు. పైగా చాలా ఇళ్లలో ఫీజు కట్టాల్సిన ప్రైవేటు బడి అబ్బాయికి, ఫీజు లేని సర్కారు బడి అమ్మాయికి. తక్కువ ఖర్చు పెట్టిన బిడ్డే ఎక్కువ తెస్తోందన్నమాట.

ఇది ఇక్కడి వింత ఏమీ కాదు. 1914 నుంచి 2011 దాకా వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను వోయర్ అనే ఇద్దరు పరిశోధకులు కలిపి చూసి 2014లో ప్రచురించారు. బడి మార్కుల్లో అమ్మాయిల ఆధిక్యం వందేళ్లుగా ఉన్నదే, భాషల్లో ఎక్కువ, లెక్కల్లో తక్కువ అని వాళ్లు తేల్చారు. పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష పీసా 2022లో చదివి అర్థం చేసుకోవడంలో అమ్మాయిలు సగటున 24 పాయింట్లు ముందుంటే, లెక్కల్లో అబ్బాయిలు 9 పాయింట్లు ముందున్నారు. అమెరికాలో డక్‌వర్త్, సెలిగ్‌మన్ ఎనిమిదో తరగతి పిల్లల మీద చేసిన పరిశీలన 2006లో వచ్చింది. అమ్మాయిలకు మార్కులు ఎక్కువ రావడానికి తెలివితేటల్లో తేడా కారణం కాదని, కుదురుగా కూర్చుని పని పూర్తిచేసే అలవాటే కారణమని అందులో తేలింది.

ఆ కుదురు పుట్టుకతో వచ్చేది కాదు, ఇల్లు నేర్పేది. ఒక ఇంట్లో పద్నాలుగేళ్ల అన్న, పదమూడేళ్ల చెల్లి ఉన్నారనుకోండి. సాయంత్రం ఆరు దాటాక చెల్లి గడప దాటితే ఎక్కడికని అడుగుతారు. అన్నను ఎవరూ అడగరు. చెల్లి గిన్నెలు కడిగి, తమ్ముణ్ని పడుకోబెట్టి, అప్పుడు పుస్తకం తీస్తుంది. ఆమెకు వేరే దారి లేదు. చదువు పేరు చెబితేనే ఇంటి పని నుంచి కాస్త తెరిపి, చదువుతుంటేనే పెళ్లి మాట వాయిదా. అన్నకు అలాంటి భయం ఏదీ లేదు. ఫెయిలైతే షాపుంది, షెడ్డుంది, లేదంటే మామయ్య ఉన్న దుబాయ్ ఉంది. అమ్మాయిని కట్టడి చేయడమే ఆమెకు మార్కులు తెచ్చిందని మురిసిపోవాల్సింది ఏమీ లేదు. అబ్బాయికి ఇచ్చిన స్వేచ్ఛ అతనికి మేలు చేయలేదన్నదీ అంతే నిజం.

ఉండి, కాళ్ల, ఆకివీడు నుంచి కొల్లేరు వైపు వెళ్లేకొద్దీ దీనికి ఇంకో కారణం తోడవుతుంది. అది చేతికందే డబ్బు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్నచోట కుర్రాళ్లకు పని వెతుక్కుంటూ వస్తుంది. పట్టుబడి రోజు తెల్లవారుజామున వల లాగడానికి, ట్రేలు మోయడానికి, ఐస్ కొట్టడానికి మనుషులు కావాలి. అదే రోజు కూలి చేతిలో పెడతారు. చికెన్ సెంటర్లో, వెల్డింగ్ షాపులో, బైక్ మెకానిక్ దగ్గర కూడా తొమ్మిదో తరగతి కుర్రాడికి ఆదివారం కూలి దొరుకుతుంది. ఆదివారంతో మొదలైంది శనివారానికి పాకుతుంది, తర్వాత బడి ఉన్న రోజులకూ. ఇంట్లో ఎవరూ ‘చదువు మానెయ్’ అనరు. వాడు తెచ్చిన ఐదొందలు వద్దనీ అనరు. ప్రపంచవ్యాప్తంగా మగపిల్లలు చదువుకు ఎందుకు దూరమవుతున్నారో చెబుతూ యునెస్కో 2022లో ఒక నివేదిక ఇచ్చింది. బడి బయట ఉన్న 13.2 కోట్ల మంది మగపిల్లల గురించి అది చెప్పిన కారణాల్లో ముందున్నవి పేదరికం, పని. బడిలో దెబ్బలు, అవమానం కూడా అందులో ఉన్నాయి. తిట్టే సార్ ఉన్న క్లాసు కంటే ‘శెభాష్ రా’ అనే మేస్త్రీ ఉన్న షెడ్డు కుర్రాడికి నచ్చడంలో ఆశ్చర్యం ఏముంది?

ముస్లిం ఇళ్లలో ఈ మధ్య రంజాన్ కూడా పరీక్షలతోనే వస్తోంది. 2023, 2024, 2025 మూడేళ్లూ టెన్త్ పరీక్షలు ఉపవాసాల్లోనే జరిగాయి. 2025లో మార్చి 31న పెట్టిన సోషల్ పేపరును ఈద్ వల్ల ఏప్రిల్ 1కి మార్చారు. సహ్రీకి మూడున్నరకే లేచి అమ్మీతో పాటు పొయ్యి దగ్గర నిలబడేది అమ్మాయే. తిన్నాక పుస్తకం పట్టుకునేదీ ఎక్కువగా ఆమే. అబ్బాయి తరావీహ్ అయ్యాక స్నేహితులతో బయట ఉండిపోయి, సహ్రీకి ముందు ఇంటికొచ్చి, ఫజ్ర్ తర్వాత పడుకుంటే, తొమ్మిదిన్నర పరీక్షకు కళ్లు మండుతూ వెళ్తాడు. తరావీహ్ చేసింది గంటన్నర. రాత్రంతా తినేసింది ఆ తర్వాతి టీ బడ్డీ.

ఇక ఫెయిలైనవారి సంగతి. 2025లో ఫెయిలైన 1,15,874 మందిలో, పైన చెప్పిన లెక్క ప్రకారం సుమారు 68 వేల మంది అబ్బాయిలు, 48 వేల మంది అమ్మాయిలు. ‘బాలికలదే పైచేయి’ అన్న హెడ్డింగు కింద ఈ 48 వేల మంది కనిపించరు. అబ్బాయి ఫెయిలైతే ఇంట్లో రెండు రోజులు గొడవ జరుగుతుంది. అమ్మాయి ఫెయిలైతే చాలాసార్లు గొడవ కూడా ఉండదు. ‘పోనీలే’ అంటారు, అక్కడితో చదువు అయిపోతుంది. 2025లో ఫలితాలకూ సప్లిమెంటరీ మొదలైన మే 19కీ మధ్య ఉన్నది 26 రోజులు. చాలామంది ఆగిపోయేది లెక్కలు, సైన్సు లాంటి ఒకటి రెండు సబ్జెక్టుల్లోనే. 35 మార్కులకు సరిపడా చదవడానికి 26 రోజులు తక్కువేమీ కాదు. ఆ రోజులు దాటిపోయినా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అదే ఓపెన్ స్కూల్ ద్వారా టెన్త్ రాయొచ్చు. షెడ్డులో పనిచేసే కుర్రాడికీ, ఇంట్లో ఉన్న అమ్మాయికీ ఆ దారి సరిపోతుంది. వెల్డర్ లాంటి కొన్ని ఐటీఐ ట్రేడుల్లో ఎనిమిది పాసైనా చేర్చుకుంటారు. షాపులో ఎలాగూ నేర్చుకునే పనికి ఒక సర్టిఫికెట్ వస్తుంది.

గల్ఫ్ మాట ఎత్తేవారు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. టెన్త్ పాస్ సర్టిఫికెట్ ఉంటే పాస్‌పోర్టు ఈసీఆర్ ముద్ర లేకుండా వస్తుంది. అది లేనివారికి, వేరే మినహాయింపు ఏదీ లేకపోతే, ఈసీఆర్ పాస్‌పోర్టే. సౌదీ, కువైట్, యూఏఈ సహా 18 దేశాలకు పనికి వెళ్లేటప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఏజెంట్ల చేతిలో ఎక్కువ నలిగేది వీళ్లే. ‘దుబాయ్ వెళ్లేవాడికి టెన్త్ ఎందుకు’ అనే మాట అసలు లెక్కకు తలకిందులుగా ఉంది.

పాసైన అమ్మాయిల దగ్గరికి వస్తే, వాళ్ల కష్టం ఫలితాల తర్వాతే మొదలవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. టెన్త్ పాసయ్యేనాటికి అమ్మాయికి పదిహేను, పదహారు. అంటే ఈ పెళ్లిళ్లలో చాలా వరకు పడేది సరిగ్గా ఇంటర్ చదవాల్సిన ఆ రెండేళ్లలోనే. ఆగకుండా చదివినవాళ్లు ఏం చేయగలరో నీట్ చూపిస్తుంది. 2025లో దేశమంతటా నీట్ అర్హత సాధించినవారిలో అమ్మాయిలు 7.22 లక్షలు, అబ్బాయిలు 5.14 లక్షలు. అదే ఏడాది జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హులు 54,378 మంది అయితే అమ్మాయిలు 9,404 మందే. లెక్కలు రాకనే ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. ఐఐటీ కోచింగ్ అంటే పదిహేనేళ్లకే హాస్టల్, రెండేళ్ల ఫీజు. అంత దూరం, అంత డబ్బు కొడుకు మీద పెట్టే ఇల్లు కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆలోచిస్తుంది. అసలు ఆ పరీక్ష రాసే అమ్మాయిలే తక్కువ.

ఉండి పిల్లలకు దూరం అనేది పెద్ద సాకు కాదు. భీమవరం పది కిలోమీటర్లలో ఉంది. 1945 నుంచి ఉన్న డీఎన్ఆర్ కాలేజీ అక్కడే, 2001లో పెట్టిన శ్రీ విష్ణు మహిళా ఇంజనీరింగ్ కాలేజీ అక్కడే. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

ఈ రెండు లెక్కలూ చివరికి రిష్తా దగ్గర కలుస్తాయి. డిగ్రీ చదివిన అమ్మాయికి సరైన సంబంధం దొరకడం లేదని తల్లిదండ్రులు బాధపడతారు. అందుకని చెల్లెలిని ఇంటర్‌తో ఆపేద్దామా అనుకుంటారు. చదువు తక్కువైన వైపును వదిలి, ఎక్కువైన వైపును కోస్తున్నారన్నమాట. 2022 అక్టోబర్ 1 నుంచి నాటి ప్రభుత్వం ఇచ్చిన షాదీ తోఫాలో ముస్లిం వధువుకు లక్ష రూపాయలు. దానికి వధువు ఒక్కతే టెన్త్ పాసైతే చాలదు, వరుడూ పాసై ఉండాలని నిబంధన పెట్టారు. అమ్మాయి సర్టిఫికెట్ బీరువాలో ఉన్నా, పెళ్లికొడుక్కి టెన్త్ లేకపోతే ఆ లక్ష వచ్చేది కాదు.