అనంతగిరి ఘాట్‌కు స్పోర్ట్స్ కారా? ముందు టైర్లు చూడండి

ఈద్ సెలవులకో, వలీమా అయ్యాకో వైజాగ్ నుంచి అరకు బయల్దేరే కుటుంబాలు చాలానే. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలు, అనంతగిరి దాకా మలుపు మీద మలుపు. కుర్రాళ్లు స్పోర్ట్స్ కారు తీస్తుంటే పెద్దలు అడగాల్సింది ఇంజిన్ గురించి కాదు, టైర్ల గురించి.

ఈ కార్లకు వేసే హై పెర్ఫార్మెన్స్ సమ్మర్ టైర్ల రబ్బరు మెత్తన. వేడి రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది కూడా. చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మి.మీ. చాలు. కానీ వానలో ఘాట్ ఎక్కేవాళ్లు 3 మి.మీ. దగ్గరే మార్చేయడం మేలు. చలికాలం సంగతి వేరు. 7 డిగ్రీలకు దిగితే ఆ రబ్బరు బిగుసుకుపోయి పట్టు తగ్గుతుంది. డిసెంబరు, జనవరిలో అరకు వైపు తెల్లవారుజామున అంత చలి పడే రోజులుంటాయి. ఎండెక్కాక బయల్దేరితే సరి.

సైజు, గాలి ఎంతుండాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు పక్కన 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. డిస్కౌంట్ మరీ ఎక్కువిస్తున్నారంటే ముందు ఆ నాలుగంకెలే చూడాలి.

బిగించేటప్పుడు బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే వైపు, ‘అవుట్‌సైడ్’ అని రాసిన వైపు బయటికి ఉండాలి. నాలుగూ ఒకే సైజై, రెండే కొంటే కొత్తవి వెనక్కి వేయించాలి. మలుపులో వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ ఎలాగూ తప్పవు.

టైర్లు వేయించిన రోజే ఘాట్ ఎక్కొద్దు. కొత్త టైరు పైపొర మొదట్లో నున్నగా ఉంటుంది. 100 కి.మీ. కిందే తిరిగి, నట్లు మళ్లీ చెక్ చేయించాకే కొండ దారి పట్టాలి.