సముద్రముపై చమురు తెట్టు

సముద్రమునకు ఇంత దూరమున, నారాయణగూడలో నున్న మనకు చమురు తెట్టుతో నేమి పని యని శ్రోతలు కొందరు అడుగవచ్చును. ఓడ పగిలి చమురు చిందినప్పుడు, గాలినిబట్టియు ప్రవాహమునుబట్టియు ఆ తెట్టు ఏ తీరమునకు పోవునో గణించి చెప్పు కేంద్రము మన హైదరాబాదులోనే, ప్రగతినగరులో నున్నది. దానిని ఇన్‌కాయిస్ అందురు.

ఆ గణనము నందుకొని పని నడుపు భారము 1986 నుండి కోస్టుగార్డుది. జాతీయ ప్రణాళిక 1996లో అమలునకు వచ్చినది. 700 టన్నులలోపు చమురైనచో రేవులును, చమురు కంపెనీలును తామే ఎదుర్కొనవలెను. 10,000 టన్నులు మించెనా, విదేశముల సాయము కోరవలసినదే. నడిసముద్రమున కోస్టుగార్డు, రేవు హద్దులో రేవువారు, ఒడ్డున రాష్ట్రప్రభుత్వము, ఇది పంపకము. కాగితముపై చక్కగనే యున్నది. చమురు మాత్రము ఈ హద్దుల నెరుగదు గదా!

2017 జనవరి 28వ తేదీన చెన్నపట్టణమునకు ఉత్తరమున, ఎన్నూరు కామరాజర్ రేవు చెంత, బి.డబ్ల్యు. మేపుల్, డాన్ కాంచీపురం అను రెండు ఓడలు ఢీకొన్నవి. కొలిమి నూనె కెరటములతో కలిసి చిక్కబడి ఒడ్డురాళ్లకు పట్టుకొన్నది. పీల్చు యంత్రములకు లొంగలేదు. తుదకు మనుష్యులే వరుసలుగా నిలిచి బకెట్లతో ఎత్తిపోసిరి. చేపలను కొనువారు కరవై జాలరులు నష్టపోయిరి.

ఇందు నాకు తోచునది యొకటి. నడిసంద్రపు ఓడలకంటె ముందు ఒడ్డునే ఏర్పాటు కావలెను. చేతితొడుగులు ఏ గోదాములో నున్నవి, ఎత్తిన తెట్టును ఏ గోతిలో పోయవలెను, జాలరులకు నష్టపరిహారమును ఎవరు లెక్కకట్టుదురు అను పట్టీ ప్రతి తీరజిల్లా కలెక్టరువద్దను ముందే సిద్ధముగా నుండవలెను.